దారి తప్పని తాబేళ్ళు

తాబేళ్ళు వచ్చిన రోజున ఎర్రమొగలో ఎవరూ వేటకి వెళ్ళలేదు. తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. పొద్దు వాలుతుండగా అలల్లోంచి మొదటిది పైకి పాకింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత ఎవరి లెక్కకూ అందలేదు. ఒక్కొక్కటి పెళ్ళిళ్ళలో అన్నం వండే గుండిగ బోర్లించినంత ఉంది. ముసలివాళ్ళు చేతులెత్తి కూర్మనాథుణ్ణి తలుచుకున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కుని దారి ఇచ్చారు. మడచెట్ల మధ్య తిరిగే నీటికుక్కల్నీ, దిబ్బల మీద గుడ్లు పెట్టే వలస పక్షుల్నీ కాపాడడానికి సర్కారు అక్కడ పీతలదిబ్బ అభయారణ్యం అని హద్దురాళ్ళు పాతి చాలా ఏళ్ళయింది. ఆ అభయారణ్యం అంచునే ఉంది ఎర్రమొగ. ఇన్నేళ్ళలో ఆ తీరానికి ఇన్ని తాబేళ్ళు రావడం ఎవరూ చూడలేదు.

డాక్టర్ గరికిన నూకరత్నం సరుగుడు చెట్టుకి ఆనుకుని ఆ వరస చూస్తూ ఏడుస్తోంది. అవి ఎందుకు వచ్చాయో ఆ ఊళ్ళో తెలిసింది ఆమె ఒక్కతికే.

ఆమె ఆ ఊరి పిల్లే. తండ్రి సముద్రంలో పోతే, ఆ బెంగతో తల్లీ పోతే, అక్క అప్పయ్యమ్మ నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరా తిరిగి చెల్లెల్ని చదివించింది. ఆ చదువు రత్నాన్ని విశాఖపట్నంలో ఒక సముద్ర పరిశోధన కేంద్రం దాకా తీసుకుపోయింది. పెళ్ళి చేసుకోలేదు. సెలవు దొరికితే అక్క ఇంటికే వచ్చేది. అక్క వండిన చేపల పులుసు తిని, బావ సన్నాసయ్య తెప్ప మీద కూర్చుని సముద్రం చూసేది.

తాబేళ్ళకి పూర్వం వేరే తీరం ఉండేది. ఉత్తరాన చాలా దూరంలో, మనుషులు పెద్దగా మసలని ఇసుక మేటలు. అక్కడ ఓడల రేవు కట్టడం ఖాయమైపోయినప్పుడు రత్నం అర్జీలు పెట్టింది, సభల్లో మాట్లాడింది, చివరికి అది తన వల్ల ఆగే పని కాదని తెలుసుకుంది. ఆడ తాబేలు తను ఏ ఇసుకలో పుట్టిందో, పెద్దయ్యాక ఆ ఇసుకకే వచ్చి గుడ్లు పెడుతుంది. అక్కడ ఇసుక లేకపోయినా సరే వస్తుంది. రేవు గోడలకి తలలు కొట్టుకునే తాబేళ్ళు ఆమె కలల్లోకి వచ్చేవి.

అప్పుడు తయారుచేసింది ఊయలని. అది రాగితీగ చుట్టిన పెద్ద చెక్కపెట్టె. నిండా ఇసుక, ఇసుకలో ఉత్తర తీరం నుంచి తెచ్చిన గుడ్లు. భూమికున్న అయస్కాంత బలం ఒక్కో తీరంలో ఒక్కో తీరుగా ఉంటుంది. పిల్ల ఇంకా గుడ్డులో ఉండగానే ఆ తీరు దాని ఒంటికి పట్టేస్తుంది, ఆ గుర్తే జీవితాంతం దానికి సొంతూరి దారి. తీగలో కరెంటు సరిగ్గా పారిస్తే పెట్టెలోని ఇసుక తాను విశాఖపట్నంలో ఉన్న సంగతి మరిచి ఎర్రమొగలో ఉన్నట్టు నటిస్తుంది. అభయారణ్యం అంచున, మరబోట్లు రాని చోట, వెడల్పుగా పరుచుకున్న ఆ ఇసుకని ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును. అంతకంటే క్షేమమైన చోటు ఆమెకి తోచలేదు.

మొదటి పిల్లలు పుట్టిన ఉదయం ఇప్పటికీ ఆమెకి కళ్ళకి కట్టినట్టుంటుంది. అరచేతిలో ఇమిడే నల్లటి పిల్లల్ని గుండ్రటి నీళ్ళతొట్టెలో వదిలారు. ఎర్రమొగ ఒక వైపున ఉన్నట్టు తొట్టె చుట్టూ తీగలో కరెంటు మార్చితే పిల్లలన్నీ అటు తలలు తిప్పి ఈదాయి. మీట ఇంకో పక్కకి తిప్పితే అన్నీ ఆ పక్కకి. రత్నం మీట తిప్పుతూ చిన్నపిల్లలా నవ్వింది.

ఆ పక్కనే ఇంకో తొట్టె ఉంది. అందులోవి కరెంటు తక్కువ పారించిన ఊయలలో పుట్టాయి. అవి కూడా చాలా మటుకు చెప్పిన వైపే వెళ్ళాయి కానీ కొన్ని మాత్రం ఎటో చూస్తూ, ఎటో ఈదుతూ తొట్టె అంచుకి తగులుకున్నాయి. ఆమె దగ్గర పనిచేసే హేమసుందర్ వాటినే చాలాసేపు చూశాడు. ఈ కొన్నీ ఉండాలేమో అన్నాడు. బయట పుట్టినవాటిల్లో కూడా ఇలా కొన్ని దారి తప్పుతూనే ఉంటాయని, అలా తప్పినవే ఎప్పుడో ఎక్కడో కొత్త తీరం పట్టుకుంటాయని గుర్తుచేశాడు.

"తప్పిపోవడానికా మనం ఇంత కష్టపడింది?" అంది రత్నం.

ఆ తర్వాత ఏటేటా వేల గుడ్లకి ఎక్కువ కరెంటు ఊయలే వాడి, పుట్టిన పిల్లల్ని సముద్రంలో వదిలారు. ఒక్కటీ దారి తప్పదు అన్న మాటకే పేరు వచ్చింది, నిధులు వచ్చాయి. ఆమె రాసిన పరిశోధన పత్రంలో రెండో తొట్టె గురించి ఒక్క వాక్యం లేదు. హేమసుందర్ కొన్నాళ్ళకి వేరే పని వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె అతన్ని ఆపలేదు.

పదిహేనేళ్ళు దాటాక అవి పెరిగి, సముద్రాలు తిరిగి, ఇదిగో ఇలా వచ్చాయి. పత్రికలవాళ్ళు వచ్చారు. రత్నానికి శాలువాలు కప్పారు. ఎర్రమొగ జనానికి ఊయల సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పినా వినే ధ్యాసలో లేరు. సముద్రంలో ఇంత చోటుండగా ఆ తల్లులు తమ ఊరినే కోరి వచ్చాయన్నది వాళ్ళకి తెలిసిన సంగతి. ఆ ఏడు ఊళ్ళో పుట్టిన ఆడపిల్లల్లో సగం మందికి కూర్మమ్మ అనే పేరు పెట్టారు. అప్పయ్యమ్మ అయితే ఎవరు వచ్చినా కూర్చోబెట్టి, ఆ తల్లులు తమ ఇంటి ముందే ఎలా దిగాయో చెప్పేది. చెల్లెలు పక్కనే కూర్చుని వినేది. ఆ సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకనుకుంది.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. పెద్ద తుపానులు ఆ తీరానికి కొత్త కాదు గానీ, ఈసారి వరద నీటికి ఏరు తన మొగ మార్చుకుంది. ఇన్నాళ్ళూ ఊరికి ఉత్తరాన సముద్రంలో కలిసే ఏరు దక్షిణానికి తిరిగి కొత్త దారి చీల్చుకుంది. దాంతో ఊరి ముందుకి ఇసుక రావడం ఆగిపోయి, ఉన్న ఇసుక అలల వెంట పోయింది. ఒక వరస ఇళ్ళు కూలాయి. మిగిలిన ఊరైనా నిలబడాలని లారీల మీద నల్లరాళ్ళు తెచ్చి తీరం పొడుగునా గట్టు పోశారు. మనిషెత్తు రాళ్ళు, ఒకదాని మీద ఒకటి.

మాఘంలో తాబేళ్ళు మళ్ళీ వచ్చాయి.

అభయారణ్యం రేంజరు ఇమ్మానుయేలు ఫోను చేసి ఒకసారి వెంటనే రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. రత్నం చేరేసరికి తెల్లారుతోంది. గట్టు కింద అలలు వచ్చినప్పుడల్లా తాబేళ్ళ డిప్పలు రాళ్ళకి తగులుతున్న చప్పుడు. తాటికాయలు రాలుతున్నట్టుంది. కొన్ని రాళ్ళ సందుల్లో తలకిందులై ఇరుక్కున్నాయి. కొన్ని తలలు పగిలి నీళ్ళలో తేలుతున్నాయి. బతికున్నవి వెనక్కి పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. అక్కడికి రెండు మైళ్ళ అవతల, ఏరు కొత్తగా పోసిన మెత్తటి ఇసుక ఖాళీగా ఉంది. దాని మీద ఒక్క తాబేలు అడుగు లేదు.

ఊరంతా గట్టు మీదే ఉంది. మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి తాబేళ్ళని వలల్లో చుట్టి పైకి అందిస్తున్నారు. పైన ఆడవాళ్ళు అందుకుని రాళ్ళు దాటించి వీధిలో దించుతున్నారు. దించగానే అవి వెనక కాళ్ళతో ఇసుక తవ్వడం మొదలుపెడుతున్నాయి. వీధుల్లో, పెరళ్ళలో, పొయ్యిల పక్కన, రామకోవెల అరుగు కింద, ఎక్కడ ఇసుక దొరికితే అక్కడ గుడ్లు పెడుతున్నాయి. అప్పయ్యమ్మ తన వాకిట్లో మూడు తాబేళ్ళ మధ్య నిలబడి కుక్కల్ని అదిలిస్తోంది. నిండు నెలలతో గుమ్మంలోకొచ్చిన ఆడదాన్ని తోసేస్తామా అంది చెల్లెలితో.

ఇమ్మానుయేలు మంచివాడు. ట్రాక్టర్లు తెప్పించి తాబేళ్ళని ఆ కొత్త ఇసుక మీదికి చేర్పించాడు. అక్కడ దించితే అవి కాసేపు మెడలు చాచి, తవ్వకుండానే నీళ్ళలోకి పోయాయి. సాయంత్రానికి అవే మళ్ళీ రాళ్ళ దగ్గర ఉన్నాయి. డిప్పల మీద వేసిన రంగు గుర్తుల్ని బట్టి తెలిసింది. గట్టు మీదుగా బల్లలు వాలుగా వేసి చూశారు. ఎక్కలేదు. రత్నం ఒక్కో గుర్తునీ చూస్తూ గట్టు పొడుగునా నడిచింది. రెండో తొట్టెలో అంచుకి తగులుకుంటూ ఈదిన ఆ కొన్ని పిల్లలు ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నాయి. వాటిలాంటివి ఈ సముద్రంలో నూటికి పది ఉండి ఉంటే, ఆ కొత్త ఇసుక ఈపాటికి ఖాళీగా ఉండేది కాదు. ఒకసారి గుడ్డులో పడిన గుర్తు పెద్దయ్యాక మార్చడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

మూడో నాడు బావ పడిపోయాడు. అడుగున నిలబడి తాబేలుని పైకెత్తుతుంటే, నాచు పట్టిన రాయి మీద కాలు జారింది. వెనకే వచ్చిన అల ఒక రాయిని దొర్లించి మోకాలి మీద పెట్టింది. ఆసుపత్రిలో కాలు నిలిపారు గానీ, ఇక తెప్ప మీద నిలబడడం కుదరదని డాక్టరు చెప్పాడు. సన్నాసయ్య మంచం మీద నవ్వుతూనే ఉన్నాడు. "తల్లిని మోస్తా పడ్డాను గదమ్మా, తాగి పడ్డానా" అన్నాడు మరదలితో. రత్నం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి సర్దే వంకతో తల దించుకుంది. ఆ నవ్వు ఆమెకి తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

తర్వాతి నెలలో అధికారులు సమావేశం పెట్టారు. ఊరి వీధుల నిండా రక్షిత జంతువుల గుడ్లున్నాయి కాబట్టి ఊరినే అభయారణ్యంలో కలపాలని, జనాన్ని లోపలికి, సముద్రానికి దూరంగా కొత్త కాలనీకి పంపి, గట్టు తీసేస్తే నాలుగేళ్ళలో సముద్రమే మళ్ళీ తీరం చేసుకుంటుందని ఒక ఆలోచన. అందరూ రత్నం వైపే చూశారు. గట్టు ఉంచితే ఈ తాబేళ్ళు వేరే తీరం చూసుకోవా అని అడిగారు. చూసుకోవు అంటే ఊరు పోతుంది. చూసుకుంటాయి అంటే తాబేళ్ళు పోతాయి. ఎందుకు చూసుకోవు అని ఎవరైనా అడిగితే తన పేరు పోతుంది. ఇంకా పరిశీలించాలి అని చెప్పి బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే, ఆ మూడింటిలో మొదట గుర్తొచ్చింది తన పేరే కదా అని తెలిసొచ్చింది.

ఊళ్ళోకి ఆ కబురు ముందే వచ్చేసింది. గొడవ అవుతుందని అనుకుంది రత్నం. అప్పయ్యమ్మ ఎండుచేపలు తిరగేస్తూ, గొడవేమీ లేదని, పెద్దలంతా కూర్చుని ఒప్పుకుందామనే అనుకుంటున్నారని చెప్పింది.

"ఇంత సముద్దరంలో మనూరే గావాలని వొచ్చినాయి. రాళ్ళకి తలలు కొట్టుకుని మరీ అడుగుతన్నాయి. అంతగా అడిగితే ఇయ్యకుండా ఎలగే? మనకి ఇల్లు ఇంకోకాడ కట్టుకోడానికి సేతులున్నాయి."

"కాలనీ నుంచి సముద్రం కనిపించదప్పా."

"తెలుసు."

"బావకి వేట పోయింది. మిగిలినోళ్ళకీ పోతుంది."

"తెలుసే. ఆయన్నే అడిగాను. తల్లి అడిగినాక లెక్కలేటన్నాడు."

అప్పయ్యమ్మ చేతులు ఆగలేదు. ఒక్కో చేపనీ తిరగేసి ఎండకి పెడుతోంది. రత్నం అక్క ఎదురుగా ఇసుకలో చతికిలబడింది. అవి కోరి రాలేదని చెప్పింది. బారసాల నాడు పిల్ల చెవిలో పేరు చెప్పినట్టు, అవి గుడ్డులో ఉండగా ఈ ఊరి గుర్తు తానే వాటి చెవిలో పడేశానని, మరో దారి తోచకుండా గట్టిగా, అతి గట్టిగా చెప్పానని అంది. అలా చెప్పొద్దన్న మనిషి ఒకడున్నా వినలేదని, మామూలుగా పుట్టినవైతే కొన్నయినా అవతల ఇసుక చూసుకునేవని అంది. పోయిన ఏడు నువ్వు వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటే పక్కనే కూర్చుని కూడా నోరు విప్పలేదు అని కూడా చెప్పింది.

అప్పయ్యమ్మ చేతిలో చేప అలాగే ఉంది. గట్టు వైపు చూసింది. కోపం వస్తుందని రత్నం ఎదురుచూసింది, రావాలని కూడా కోరుకుంది. రాలేదు.

"అయితే మనకోసం రానేదన్నమాట," అంది అప్పయ్యమ్మ.

చేప కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళింది. లోపల బావకి చెబుతున్న మాటలు తడిక అవతల నుంచి వినిపించాయి. రత్నం లోపలికి వెళ్ళేసరికి ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బావా అని పిలిచింది. తిరగలేదు. ఆ పూట ఆ ఇంట్లో ఆమెకి అన్నం పెట్టారు గానీ ఎవరూ ఎదురుగా కూర్చోలేదు.

మర్నాడు రామకోవెల దగ్గర ఊరంతా ఉన్నప్పుడు రత్నం అదే మాట మళ్ళీ చెప్పింది. ఈసారి ఇమ్మానుయేలూ, పైనుంచి వచ్చిన అధికారులూ విన్నారు. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒక ముసలాయన మాత్రం, మరి మా మనవరాలికి పెట్టిన పేరేం చెయ్యమంటావు అని నెమ్మదిగా అడిగాడు. పరిశోధన కేంద్రంవాళ్ళు ఆమె పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం ఆమే వదిలేసింది. హేమసుందర్‌కి ఫోను చేసి, నువ్వు చెప్పిందే నిజమైంది అంది. అతను, నిజం కాకపోతే బాగుండేది మేడమ్ అన్నాడు.

ఊరు వదలడానికి జనం ఇక ఒప్పుకోలేదు. దేవతకైతే ఇస్తాం గానీ మీ లెక్క తప్పుకి ఎందుకివ్వాలని అడిగారు. అధికారులూ ఆ మాట కాదనలేకపోయారు. కాలనీ కాగితాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కానీ గట్టు కింద తాబేళ్ళు మాత్రం ఆగలేదు. ఆ వారంలో రెండో విడత వచ్చింది.

మొదటి సాయంత్రం ఎవరూ కదల్లేదు. ఇళ్ళల్లో దీపాలు పెట్టుకుని కూర్చున్నారు. డిప్పలు రాళ్ళకి తగిలే చప్పుడు ప్రతి ఇంట్లోకీ వినిపిస్తూనే ఉంది. రత్నం ఒక్కతే నీళ్ళలోకి దిగి ఒకదాన్ని వలలో చుట్టింది. ఎత్తలేకపోయింది. రెండోసారి ప్రయత్నిస్తుంటే మోకాళ్ళు రాతికి కొట్టుకుని చీరుకుపోయాయి. మూడోసారి వల రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చూస్తే అప్పయ్యమ్మ. చెల్లెలి మొహం చూడలేదు. ఇద్దరూ కలిసి దాన్ని గట్టు దాటించారు. దించి వచ్చేసరికి ఇంకో పది మంది నీళ్ళలో ఉన్నారు. ఎవరి నోటా దేవుడి మాట లేదు. బరువు మోసేవాళ్ళు మోస్తున్నట్టే మోశారు.

అలా ఆ సీజను అంతా మోశారు. ఇమ్మానుయేలు తన మనుషుల్నీ దింపాడు, ఊళ్ళో ఆ పనికి కూలి ఇప్పించాడు. గట్టు కింద చచ్చినవి చచ్చాయి. చాలా వరకు బతికి, గుడ్లు పెట్టి వెళ్ళాయి. రాబోయే ముప్పై నలభై ఏళ్ళు ఇదే పని అని రత్నం దాచకుండా చెప్పింది. అవి బతికున్నన్నాళ్ళూ ఇక్కడికే వస్తాయి, ఎవరో ఒకరు ఎత్తాలి. ఆమె ఊరి చివర ఒక గది తీసుకుని ఉండిపోయింది. అక్క ఇంటికి వెళ్ళేది. బావ కర్ర సాయంతో వాకిట్లోకి వచ్చేవాడు. రోజూ ఒకటి రెండు మాటలు మాట్లాడేవాడు, వాతావరణం గురించి.

ఎండలు ముదిరాక వీధుల్లో ఇసుక కదిలింది. పెరళ్ళలో, పొయ్యిల పక్కన పిల్లలు పుట్టుకొచ్చాయి. జనం వాటిని వెదురు బుట్టల్లోకి ఏరారు. వీటికి ఏ తీగా చుట్టలేదు, ఏ కరెంటూ పారలేదు. వాటి ఒంటికి పట్టిన గుర్తు భూమి తనంత తాను పట్టించినంతే. ఇవి పెద్దయి తిరిగొచ్చేనాటికి కొన్నయినా దారి తప్పుతాయి. అది చూడడానికి తను ఉండకపోవచ్చని రత్నానికి తెలుసు.

బుట్టలు నిండాక, వీటిని ఎక్కడ వదలాలి అని ఇమ్మానుయేలు ఆమెనే అడిగాడు. గట్టు దగ్గరా, కొత్త ఇసుక మీదా, లేక ఏరు పాత మొగలోనా? జనమంతా ఆమె వైపు చూశారు. రత్నం నోరు తెరిచింది. ఒకప్పుడు వేల ప్రాణాలకి ఒకే చోటు రాసిపెట్టిన మనిషికి ఇప్పుడు ఒక్క బుట్టకి చోటు చెప్పడానికి నోరు రాలేదు.

అప్పయ్యమ్మే అందుకుంది. కొన్ని ఇటు, కొన్ని అటు, ఎవరికి ఎక్కడ తోస్తే అక్కడ అంది. బుట్టలు తలోటి పంచింది. జనం తీరం పొడుగునా విడిపోయారు. కొందరు దక్షిణానికి, కొందరు మడచెట్ల వైపుకి, ఇద్దరు ముగ్గురు తెప్పలెక్కి. చివరి బుట్ట ఒకటి మిగిలింది. అప్పయ్యమ్మ దాన్ని ఎత్తి చెల్లెలి చేతుల్లో పెట్టింది. లోపల నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఆ నిజం విన్నాక ఆవిడ చెల్లెలి మొహం నేరుగా చూడడం అదే మొదటిసారి.

"ఇయ్యి నువ్వే వదులు," అంది. "ఈసారి ఈటి సెవిలో ఏటీ సెప్పకు."